యాడికని అడిగితే

నడక మీద నాకు ఏ కోపమూ లేదు. ఆరో తరగతిలో బడి మానేసి గొర్రెల వెనక నడిచినవాణ్ణి నేను. ఆ తర్వాత కువైట్ పోయి డ్రైవరునయ్యేదాకా నా కాళ్ళకు కూర్చోవడం అంటే ఏమిటో తెలియదు. కాబట్టి సాలోమోనుకు నడిచేవాళ్ళంటే పడదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నాకు పడనిది ఒక్కటే. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాటి కార్లలో వచ్చి, కారు దిగి, నా చేలో నడవడం.

నా చేను ఒకటిన్నర ఎకరా నల్లరేగడి. మా తాత, మా నాయన ఇవే పొలాల్లో కూలికి వంగారు. వాళ్ళ పేరు మీద గుప్పెడు మట్టి ఉండేది కాదు. నేను కువైట్‌లో ఒక షేకు పిల్లల్ని బడికి ఎక్కించి దించి, జుట్టు నెరిశాక వచ్చి కొన్నాను. "ఇది నాది, ఇందులో కాలు పెట్టొద్దు" అని ఇంకొకడితో చెప్పే యోగ్యత మా వంశంలో మొదట నాకే వచ్చింది. ఆ మాట చెప్పాలని ఎంత ఆశగా విమానం దిగానో నాకు తెలుసు. చెప్పాను కూడా. ఒక్కడూ వినలేదు.

కారణం గుండు. గుండు అంటే చేను చివర ఉన్న పెద్ద బండరాయి. దాని మీద నిలబడితే కింద పెన్న ఎర్రటి రాతిగోడల మధ్య మెలిక తిరిగి పోతూ కనిపిస్తుందట. కనిపిస్తుందట అని ఎందుకంటున్నానంటే నేను ఎప్పుడూ ఎక్కలేదు. చేలో పనున్నవాడు రాయెక్కి నీళ్ళు చూస్తూ నిలబడడు. ఆ గుండుకు చేను నడిమధ్య నుంచి ఒక కాలిబాట ఉంది. గొర్రెలు పోయిన బాట. గొర్రెలు పోయినన్నాళ్ళూ జానెడు వెడల్పే ఉండేది. గొర్రెల దగ్గర ఫోన్లుండవు కదా, ఫోటో తీసి పదిమందికి పంపడానికి.

మనుషులు పంపారు. ప్రొద్దుటూరులో అరుణోదయ నడక మిత్రమండలి అని ఒకటుంది. బంగారు కొట్లవాళ్ళు, బట్టల కొట్లవాళ్ళు, రిటైరైన పంతుళ్ళు. అందరికీ మామిడిపండు రంగు బనియన్లు. వాటి వీపుల మీద నియమాలు అచ్చేసి ఉంటాయి. చెత్త వేయరాదు. బాట వదలరాదు. ఎదురైన వారిని పలకరించవలెను. ఎదురు వచ్చువారికి దారి ఇవ్వవలెను. వెనక నడిచేవాడికి ముందువాడి వీపే వాచకం.

నా చేను పాడైంది ఆ నియమాల వల్లే అని నేను ఏ కోర్టులోనైనా చెబుతాను.

ఎదురైనవారిని పలకరించాలి కాబట్టి, కలుపు తీస్తూ వంగి ఉన్న నాకు ఒక్కొక్కరూ ఆగి "గుడ్ మార్నింగ్" చెబుతారు. ఆగినవాడు ఊరికే ఆగడు, రెండు శనగ మొక్కలు తొక్కి ఆగుతాడు. దారి ఇవ్వాలి కాబట్టి, గుండుకు పోయేవాళ్ళూ తిరిగొచ్చేవాళ్ళూ చేను మధ్యలో ఎదురుపడితే, "మీరు రండి", "అయ్యో, మీరు రండి", "పెద్దోళ్ళు మీరు ముందు" అనుకుంటూ ఇద్దరూ చెరోపక్క చేలోకి దిగుతారు. నడుమ బాట ఖాళీగా పడి ఉంటుంది. మర్యాద మాత్రం రెండువైపులా నా శనగ మీద నిలబడి ఉంటుంది. ఇక చెత్త. బుడ్డశనగ కాయ పట్టాక, మంచుకు తడిసిన ఆకు పుల్లపుల్లగా ఉంటుంది, పచ్చికాయ తియ్యగా ఉంటుంది. ఒక్కొక్కరూ ఒక్కో చెట్టు పీకి, కాయలు తిని, పొట్టంతా జాగ్రత్తగా కవర్లో వేసుకుని ప్రొద్దుటూరుకు పట్టుకుపోతారు. ఇంత శుభ్రమైన దొంగతనం నేను కువైట్‌లో కూడా చూడలేదు.

బాటకు అడ్డం కంప వేశాను. వాళ్ళు దాన్ని పక్కకు జరిపి, పోయి, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఉన్నచోటే పెట్టి పోయారు. బోర్డు పెట్టాను. దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. కుక్కను కట్టేశాను. అది తాడు కొరుక్కుని వాళ్ళతోపాటు గుండెక్కింది. ఇప్పుడు వాళ్ళ గ్రూపులో నా కుక్క ఫోటోలు నా ఫోటోల కంటే ఎక్కువ. రెవెన్యూ ఆఫీసుకు పోతే, "బాట ఉండాదని రాసేదానికీ లేదు, లేదని రాసేదానికీ లేదు" అని చెప్పి టీ తాగమన్నారు. తాగి వచ్చాను.

అట్లా ఉండగా ఒక పొద్దున, బాట మొదట్లో వంగి కంప సర్దుతున్నాను. మంచు కమ్ముకుని ఉంది. ఎవరో వస్తున్న అలికిడి. తలెత్తకుండానే నోటికొచ్చింది అడిగాను.

"యాడికప్పా, పొద్దన్నే?"

అడుగుల చప్పుడు ఆగిపోయింది. చూస్తే ఓబులేసు శెట్టి. మిత్రమండలి అధ్యక్షుడు, బంగారు కొట్టు ఆసామి. పాము మీద పెట్టబోయి ఆపుకున్నట్టు ఒక కాలు గాల్లో ఉంది. అంత బొజ్జతో ఒంటికాలి మీద నిలబడగలడని నేను అనుకోలేదు.

"ఎంత పని చేస్తివప్పా సాలోమోనూ!"

"నేనేం చేసినా?"

"పోయ్యేవాన్ని పట్టుకోని యాడికని అడుగుతారా ఎవరన్నా? దూరమా అని అడగల్ల గానీ!"

"నోరు జారింది. ఇప్పుడేమైంది?"

"ఏమైందా? ఈ పొద్దు పెండ్లోళ్ళు తాళికి నాంతాడు కొనేదానికి వస్తాండారు కొట్టుకు. పదండప్పా, ఎనక్కి పదండి."

ఆయన వెనక బట్టల కొట్టు హుమాయున్. మండలికి సెక్రటరీ, కుర్రవాడు, నన్ను మామా అంటాడు. "శెట్టీ, గుండు ఈడనే కదా, రెండు నిమిషాలు..." అని ఏదో అనబోయాడు.

"రెండు నిమిషాలకే మా తాత గిడ్డంగి కాలిపాయ. ఆయప్పనూ ఇట్లనే ఎవుడో అడిగినాడు."

బండి రివర్సు పోయినట్టు వరస మొత్తం వెనక్కి తిరిగింది. చివరివాడు మొదటివాడయ్యాడు. కార్లెక్కి పోయారు. నేను కంప చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. కంప చేయలేనిది, బోర్డు చేయలేనిది, కుక్క చేయలేనిది ఒక్క మాట చేసింది.

ఆ మర్నాటి నుంచి నేను అడగడం మొదలుపెట్టాను.

పొద్దున్నే, బాట మొదట్లోనే ఉన్న మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఎంతో వినయంగా, "యాడికప్పా?" అనేవాణ్ణి. తిరుక్కుని పోయేవాళ్ళు. మర్నాడు ఇంకా చీకటుండగానే వచ్చారు. నేను అంతకుముందే లేచి గడ్డివామి చాటున కాచుకుని అడిగాను. ఆపైన ఒకరోజు శెట్టి చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు. వినపడకపోతే అడిగినట్టు కాదని ఆయన లెక్క. నేను ఎదురుగా పోయి నిలబడి, చెయ్యి తిప్పి సైగతో అడిగాను. ఆయన దూది తీసి నేలకేసి కొట్టబోయి, చెత్త వేయరాదని గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు.

మా ఆవిడ సుశీలమ్మకు ఇది నచ్చలేదు.

"ఏమయ్యా, చర్చిలో ముందు బెంచీ మింద కూచుంటావు. శకునాలు చూసేది సైతాను పని అని పాస్టరు చెప్తాంటే గొర్రె మాదిరి తలూపుతావు. ఇదేం పని?"

"నేను నమ్ముతానా? నమ్మేది వాళ్ళు. నేను ఊరికే అడుగుతాండా."

"ఊరికే అడిగేవాడు గడ్డివామెనక దాక్కోని అడుగుతాడా?"

"నీకు తెల్దులే. చేను చూడు ఎట్ల లేచిందో."

నిజంగానే లేచింది. తొక్కుడు లేక శనగ ఒత్తుగా పచ్చగా బాట అంచుల మీదికి వాలింది. రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి చూసుకునేవాణ్ణి. ఇది నాది. కాలు పెట్టేవాడు లేడు. ఆ రోజుల్లో నేను చాలా మంచివాణ్ణి. కుక్కను కూడా తిట్టలేదు.

ఆ సుఖానికి హుమాయున్ నాయనమ్మ మంగళం పాడింది. ఆమె పేరు ఖమర్‌బీ. చాపాడులో ఉంటుంది. అడిగించుకున్నవాడు ఏం చేయాలో ఆ ముసలామెకు తెలుసని మనవడు పోయి కనుక్కొచ్చాడు. మరుసటి ఆదివారం మండలి మొత్తం వచ్చింది. నేను మామూలుగా, "యాడికప్పా?" అన్నాను.

ఎవరూ వెనక్కి తిరగలేదు. గేటు తీసుకుని నేరుగా నా వాకిట్లోకి వచ్చి, ఉన్నవాళ్ళు అరుగు మీద, మిగిలినవాళ్ళు నేల మీద, కుక్క వాళ్ళ మధ్యలో, అందరూ కూర్చున్నారు.

"ఏందప్పా ఇది?"

"నీళ్ళియ్యి మామా," అన్నాడు హుమాయున్. "మా జేజి చెప్పింది. అడిగించుకున్నోడు ఆడనే కూచోవల్ల. అడిగినోడి నీళ్ళే తాగల్ల. తాగినోడు లేచి ముందు నడవల్ల. అడిగినోడు ఎనక రావల్ల, వాన్ని దాటి ముందుకు పోకూడదు. దాటితే దోషం అడిగినోడికే తగుల్తాది."

"మీ జేజి ఇన్నాళ్ళు యాడుండింది?"

"చాపాట్లోనే. అడగల్లని మాకే తోచలేదు."

ఇంటికొచ్చి నీళ్ళడిగినవాడికి లేదనే మనిషి మా సీమలో లేడు. నాకు ఆ మాట అనాలని ఉంది, నోరు రాలేదు. సుశీలమ్మ అప్పటికే చెంబూ గ్లాసులూ తెచ్చేసింది. క్యాను నీళ్ళు. జమ్మలమడుగు నుంచి నేను బండి మీద పెట్టుకుని తెచ్చిన క్యాను. అందరూ గటగటా తాగారు. శెట్టి మూతి తుడుచుకుని లేచాడు.

"సాలోమోనూ, నువ్వు ఎనక ఉండల్లప్పా. మమ్మల్ని దాటొద్దు."

వాళ్ళు బాట పట్టారు. ముందుకు పరిగెత్తి అడ్డం నిలబడాలనిపించింది. చేలో ఎవడో చెట్టు పీకిన టపుక్కుమనే శబ్దం కూడా వినపడింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

"నువ్వు నమ్మవు కదయ్యా," అంది సుశీలమ్మ. "పో మరి. దాటుకోని పోయి అడ్డం నిలబడు."

"మోకాలు నొప్పి," అన్నాను.

ఆరోజు శెట్టి కొట్లో బేరం ఎట్లా జరిగిందో నాకు తెలియదు. బాగా జరిగినట్టుంది. మర్నాడు నవ్వుకుంటూ వచ్చాడు. గేటు దగ్గర ఆగి నా మొహంలోకి చూశాడు.

"అడగప్పా."

"ఏమడగల్ల?"

"అదే, యాడికని."

"అడగను. పోండి."

"అట్లంటే ఎట్లప్పా? నీ నీళ్ళు తాగి పోతే నాకు కలిసొచ్చింది. ఒక్కసారి అను, నీ సొమ్మేం పోతాది?"

నేను మూతి బిగించుకున్నాను. మండలి అంతా గేటు ముందు బడిపిల్లల మాదిరి నిలబడి ఉంది. అప్పుడు వంటింట్లో నుంచి మా ఆవిడ గొంతు తీయగా వచ్చింది.

"యాడికన్నా, అందరూ?"

బిలబిలమంటూ లోపలికొచ్చి కూర్చున్నారు. మూడోరోజుకు నీళ్ళు మజ్జిగ అయ్యాయి. వారం తిరిగేసరికి మజ్జిగలో కరివేపాకు పడింది. నాకు మా పెళ్ళైన కొత్తలో కూడా కరివేపాకు పడలేదు. బాట మళ్ళీ వెడల్పు కావడం మొదలైంది.

అంతటితో ఆగినా ఓర్చుకునేవాణ్ణేమో. ఒకరోజు హుమాయున్ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, శుభవార్త చెబుతున్నట్టు చెప్పాడు.

"మామా, వచ్చే ఆదివారం పెద్ద నడక. పులివెందుల సంఘమోళ్ళు వస్తాండారు, జమ్మలమడుగోళ్ళు వస్తాండారు. బస్సులు మాట్లాడినాం."

"ఎంతమంది?"

"ఈ వాకిలి పట్టదులే."

"హుమాయూ, కాయ నిండుతాంది. ఇంకో మూడు వారాలు ఆగితే కోసుకుంటా. అంతమంది నడిస్తే నాకు మిగిలేదేంది?"

"ఏం కాదు మామా. మనోళ్ళు శానా పద్ధతైనోళ్ళు. ఎదురొచ్చినోళ్ళకు కచ్చితంగా దారిస్తారు."

నా భయమూ అదే. "చుట్టూ గెనిమ ఉండాది కదా, దాని మింద పోండి," అన్నాను. గెనిమ అంటే చేను చుట్టూ ఉండే గట్టు. ఒక్క మనిషి పట్టేంత ఉంటుంది.

"అట్లెట్ల మామా? బాట వదలరాదని మాకు నియమం కదా." వెనక్కి తిరిగి వీపు చూపించాడు.

వారమంతా నాకు అన్నం సయించలేదు. అడుగుదామా అంటే, అడిగితే అందరూ కూర్చోవాలి. వాకిలి పట్టదు. కూర్చునేది నా శనగలోనే. అడగకుండా ఉందామా అంటే నేరుగా బాటే పడతారు. అడిగినా పోయేది చేనే, అడగకపోయినా పోయేది చేనే. చివరికి శనివారం నాకొక ఉపాయం తోచింది. మా వైపు పడుకున్న మనిషిని దాటరు. పసిపిల్లవాణ్ణి దాటినా, తిరిగి వెనక్కి దాటి సరిచేసుకుంటారు. పోయి చేను మొదట్లో బాటకు అడ్డంగా పడుకుంటాను. ఎవడు దాటుతాడో చూద్దాం.

సుశీలమ్మకు చెప్పాను.

"దాటరు," అంది. "పక్కన చేలోకి దిగి, చుట్టుకోని పోతారు."

ఇది నేను ఆలోచించలేదు. "అయితే నువ్వు ఒక పక్క పడుకో."

"రెండో పక్క ఎవరు, కుక్కా?"

"పండుకుంటే కుక్క కూడా మంచిదే."

"నాకు వేరే పని లేదనుకుంటివా? అయినా రేపు ఆదివారం. చర్చికి రావా?"

"చర్చి టైముకు లేస్తాలే."

ఆదివారం పొద్దున బస్సుల చప్పుడుకే లేచాను. కిటికీలోంచి చూస్తే రోడ్డంతా మామిడిపండు రంగు, దాని వెనక పులివెందులవాళ్ళ పచ్చరంగు. ముందు శెట్టి, చేతిలో జెండా, మెడలో విజిలు. నేను చాప చుట్టి చంకలో పెట్టుకున్నాను, దిండు ఇంకో చంకలో. వాళ్ళకంటే ముందే పోయి పడుకోవాలని గబగబా వాకిలి దాటి గేటు తీశాను. అప్పుడే శెట్టి గేటు దగ్గరికొచ్చాడు. ఎదురైనవారిని పలకరించాలి కదా. పలకరించాడు.

"యాడికప్పా సాలోమోనూ, పక్కబట్టలెత్తుకోని?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. వెనక హుమాయున్ నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యో శెట్టీ, అడిగితివే!"

నేను నమ్మను. ముందే చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను, నేను నమ్మను. కానీ నా కాలు గాల్లోనే ఉండిపోయింది. కిందికి దిగలేదు. ఈ మాట తర్వాత నేను అడుగు వేస్తే చేను నాశనమైపోతుందని కాలికి ఎవరో చెప్పినట్టుంది. దిండు జారి కింద పడింది. నేను మెల్లగా వెనక్కి తిరిగి, వచ్చి, మా అరుగు మీద కూర్చున్నాను.

సుశీలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"నీళ్ళు తేమే," అన్నాను.

"నా నీళ్ళు చెల్లవు కదయ్యా. అడిగినోడి నీళ్ళే తాగల్ల."

శెట్టి ఇల్లు ప్రొద్దుటూరులో. అందరూ శెట్టి మొహం చూశారు. ఆయన నడుముకు వేలాడుతున్న రాగి సీసా మూత తిప్పి, రెండు చేతులా నా ముందు పట్టుకున్నాడు. "తాగప్పా. తులసాకు వేసిన నీళ్ళు. తప్పైపాయ, నోరు జారింది."

"నోరు జారేది నాకు తెలుసులే," అన్నాను.

తాగుతున్నాను. గేటు బయట గుంపు పెరుగుతోంది. పులివెందులవాళ్ళలో ఎవరో అడుగుతున్నారు.

"ఏందప్పా ఆగిపోయినారు? ఎవరాయన?"

"తెల్దు. ముఖ్య అతిథంట."

"చాప యాలబ్బా?"

"పెద్దోళ్ళు. వాళ్ళ అలవాట్లు వాళ్ళవి."

వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన ఎవరి కోసమో తెచ్చిన బంతిపూల దండ తీసుకొచ్చి నా మెడలో వేశాడు. నోట్లో నీళ్ళుండగా వద్దనడానికి వీల్లేకపోయింది.

సీసా ఖాళీ చేసి ఇచ్చాను. శెట్టి కదలడు. హుమాయున్ కదలడు. వెనక ఎవరూ కదలరు.

"పోండప్పా," అన్నాను నీరసంగా.

"మేమెట్ల పోతాం మామా?" అన్నాడు హుమాయున్. "జేజి చెప్పలే? తాగినోడు ముందు నడవల్ల. అడిగినోడు దాటకూడదు. నువ్వు లేస్తేనే శెట్టి కదిలేది, శెట్టి కదిలితేనే మేము."

నా బుర్ర నిదానంగా పని చేస్తుంది. బడి మానేసింది కూడా అందుకే. కింద పడిన దిండు తెచ్చి ఇవ్వడానికి వంగిన సుశీలమ్మ నా చెవి దగ్గర, "గెనిమయ్యా, గెనిమ," అనేసరికి అది వెలిగింది.

లేచాను. మెడలో దండ, చంకలో చాప, రెండో చంకలో మళ్ళీ దిండు. గేటు దాటాను. నా వెనక శెట్టి, శెట్టి వెనక లోకమంతా. చేను మొదలు వచ్చింది. ఎదురుగా బాట తెరుచుకుని ఉంది, కుడిచేతి పక్క గెనిమ. నేను గెనిమ ఎక్కాను.

"సాలోమోనూ! బాట ఇట్ల కదప్పా!"

తిరిగి చూశాను. "నన్ను దాటి పోతావా శెట్టీ?"

ఆయన బాట వంక చూశాడు, నా వంక చూశాడు. ఆయన తాత గిడ్డంగి కళ్ళ ముందు తగలబడినట్టుంది.

"దాటను."

"అయితే రా."

వచ్చాడు. ఆ బొజ్జతో గెనిమ మీద చేతులు రెండూ చాపి, పల్టీ కొట్టబోయే పిట్ట మాదిరి ఊగుతూ వచ్చాడు. ఆయన వెనక ఒక్కొక్కరే ఎక్కారు. అవతల, పక్క చేను నబీ రసూల్ వేసిన ముళ్ళ కంచె, ఇవతల నా శనగ, మధ్యలో గెనిమ. ఎవరికీ దారి ఇవ్వడానికి చోటు లేదు. మర్యాదకు కాలు పెట్టే సందు దొరకలేదు. కొంచెం దూరం పోయాక వెనక టపుక్కుమంది. ఎవడో వంగి చెట్టు పీకాడు.

"చేతులు ఎనక్కి!" అని అరిచాను.

ఎందుకట్లా అరిచానో తెలియదు. ఆరో తరగతిలో నన్ను అట్లాగే నిలబెట్టేవాళ్ళు. అందరికంటే ముందు రిటైరైన పంతుళ్ళు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. వాళ్ళను చూసి మిగిలినవాళ్ళు. తిరిగి చూస్తే, మా ఇంటి నుంచి గెనిమ మలుపు దాకా పసుపూ పచ్చా బనియన్లు ఒకే వరసలో, చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని వస్తున్నాయి. కువైట్‌లో షేకు కూడా ఇట్లాంటి మర్యాద చూసి ఉండడు.

గుండు మీదికి మొదట నేనే ఎక్కాను. శెట్టి రొప్పుతూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎట్లుండాది?"

కింద ఎర్రటి గోడలు. ఎంత లోతో చెప్పలేను. అడుగున పెన్న మలుపు తిరిగి, ఎండ పడినచోట తళతళమంటూ, పడనిచోట నల్లగా.

"ఏముండాది? రాళ్ళు, నీళ్ళు," అన్నాను.

దిండు వేసుకుని దాని మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో మరి, చర్చి గంట వినపడలేదు. నన్ను దాటకూడదు కాబట్టి శెట్టి కూడా కూర్చున్నాడు. శెట్టి కూర్చున్నాడు కాబట్టి అందరూ. చివరికి పులివెందుల బస్సు డ్రైవరు హారను కొడితే లేచాను.

ఆ తర్వాతి ఆదివారం నాకూ మామిడిపండు రంగు బనియను ఇచ్చారు. పొట్ట దగ్గర బిగుతు. నేను ముందు లేకుండా శెట్టి ఇప్పుడు గెనిమ ఎక్కడు. పెద్ద నడక రోజు సాయంత్రం కొట్లో ఏదో బ్రహ్మాండమైన బేరం జరిగిందట, అందుకని. నా చేతుల్లో ఏమీ లేదు. శనగ దక్కింది, అంతవరకే. మధ్య బాటలో గరిక మొలుస్తోంది, కుక్క ఒక్కటే దాన్ని వాడుతోంది. అది ఏ నియమమూ చదవలేదు.

నిన్న కోతకు ముందు ఆఖరి ఆదివారం. బనియను తొడుక్కుని గడప దాటబోతుంటే వంటింట్లోంచి వచ్చింది గొంతు.

"యాడికయ్యా?"

కాలు గాల్లో ఆగింది. "తెలిసి తెలిసీ అడుగుతావేమే!" అన్నాను. వచ్చి కూర్చున్నాను. సుశీలమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కరివేపాకు ఉంది. గేటు బయట శెట్టి జెండా పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. నేను తాగి లేచేసరికి ఆమె చెప్పులు వేసుకుని తలుపుకు తాళం వేస్తోంది.

"నువ్వు యాడ..." అనబోయి ఆపుకున్నాను. "నీకు దూరమా?"

"అడిగినోళ్ళు ఎనక రావల్ల కదా. నేనూ ఆ గుండు చూడలేదులే, ఇన్నేండ్లైనా."

నా వెనక ఆమె, ఆమె వెనక శెట్టి. గెనిమ మీద సగం దూరం పోయామో లేదో, నా వెనకే టపుక్కుమంది. తిరిగి చూశాను. సుశీలమ్మ ఒక శనగ చెట్టు పీకి, కాయ ఒలుచుకుని తింటూ నడుస్తోంది. ఆమె వెనక మండలి మొత్తం చేతులు వెనక్కి కట్టుకుని, నేనేమంటానా అని నా మొహమే చూస్తోంది.

"చేతులు..." అన్నాను.

"ఏం, నా చేను కాదా?" అంది.

ఆమె ఒలిచిన పొట్టు నా అరచేతిలో పెట్టింది. చెత్త వేయరాదు కదా. గుండు దాకా దాన్ని పట్టుకునే నడిచాను.